సముద్రము లేని దీవి: కోలారు బంగారు గనుల జ్ఞాపకములు

బెంగుళూరు కాటన్‌పేటలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కోలారు బంగారు గనులతో చుట్టరికము గలవి కొన్ని కలవు. సిటీ రైల్వేస్టేషను దాపుననే యుండుటచే, గనుల యందలి బంధువులు రైలు దిగి నడచియే మన యిండ్లకు వచ్చుచుండిరి. వారు అరుగులపై కూర్చుండి చెప్పిన సంగతులనే యిచట విన్నవించుచున్నాము.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు కోలారు మెట్టలలో గనులు చేపట్టిరి. నేటి చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారును, ఉత్తర ఆర్కాటు, సేలము జిల్లాలనుండి తమిళులును కూలికై తరలి వచ్చిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి గనులకు చేరెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో గదా! చుట్టును రాగిచేలు, నడుమ దొరల బంగళాలు, క్లబ్బు, ఆసుపత్రి, ఒక ప్రక్క తడికల గుడిసెల కూలి లైన్లు. అది సముద్రము లేని దీవి వంటిది. గని కూతయే అచటి గడియారము.

కేజీలో నిలువున దిగి, మరల సొరంగములలో నడచి పోవలయును. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అంత లోతున రాయియే కాలుచుండును. వేడికంటెను వారు భయపడినది ‘ఏర్‌బ్లాస్టు’నకు. ఒత్తిడిచే రాయి తటాలున పగిలి మీదబడుటకు వారు పెట్టిన పేరది. అప్పుడు పైనున్న యిండ్లు సైతము అదరి, గూటిలోని గిన్నెలు క్రింద పడెడివి. ఆడువారు పొయ్యిమీది కుండ నట్లే విడిచి షాఫ్టు కడకు పరుగెత్తుచుండిరి.

మా బంధువర్గమున వృద్ధులొకరు పని విరమించిన పిమ్మట మా యింట కొన్నాళ్ళుండిరి. ఒక రాత్రి వీధిలో బరువు లారీ పోవగా నేల యదరెను. ఆయన దిగ్గున లేచి, “ఈ పూట ఎవరెవరు దిగినారు?” అని యడిగిరి. ఇల్లు నిశ్శబ్దమాయెను. రాతిధూళిచే ఊపిరితిత్తులు చెడి, దగ్గుతోనే గతించిన వారును అనేకులు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడెను. బంగారము తరిగి, ఖర్చు పెరుగుటచే 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. గని పనితప్ప వేరొకటి నేర్వని కుటుంబములు దిక్కుతోచక నిలిచినవి. నేటికిని అచటివారు అనేకులు వేకువరైలులో బెంగుళూరునకు పనికి వచ్చి, రాత్రికి తిరిగి పోవుచున్నారు. సైనైడు కలిసిన మట్టిగుట్టలు మాత్రము ఊరినడుమ నిలిచియున్నవి. గాలి వీచినపుడు వాని ధూళి యిండ్లలోనికి వచ్చుచుండును.

మేము ఆయుష్షంతయు లెక్కపుస్తకములతో గడిపినవారము. ఆ గనులు సుమారు 800 టన్నుల బంగారము నిచ్చినవని పుస్తకములు చెప్పును. దానిని త్రవ్వినవాని యూరేది, అతడు ఏ షాఫ్టున దిగెను, ఇంట నతనికై యెవరు కాచియుండిరి అనునవి ఆ లెక్కలలో లేవు. అవి తెలిసినవారు నేడు కొలదిమందియే మిగిలిరి. కావున మన యువకులు తమ యిండ్లలోని వృద్ధులకడ కూర్చుండి, ఈ నాలుగు సంగతులైనను అడిగి వ్రాసి యుంచుదురుగాక. వారు గతించిన పిమ్మట అడుగుటకు మన కెవ్వరును ఉండరు.