ఓడలో గది ధర, పడక సర్దేవాడి జీతం

1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ భార్యను వెంటబెట్టుకుని లివర్‌పూల్‌లో బ్రిటానియా అనే ఆవిరి ఓడ ఎక్కాడు. లండన్‌లో ఏజెంటు కార్యాలయంలో చూసిన బొమ్మలో ఆ ఓడ హాలు మహా విశాలంగా ఉంది. తీరా ఎక్కి చూస్తే తనకిచ్చిన గదిలో పెట్టెలు పట్టే మాట అటుంచి, అవి గుమ్మం దాటేలా కూడా లేవు. అదే ఏడాది అచ్చయిన ‘అమెరికన్ నోట్స్’ మొదటి అధ్యాయంలోనే ఆయన ఈ సంగతి రాశాడు. ప్రకటనలో చూపించేది ఒకటి, డబ్బు కట్టాక దక్కేది మరొకటి అన్న ఫిర్యాదు ఓడ ప్రయాణాల్లో అంత పాతది.

వేసవిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులను సియాటిల్ నుంచి అలాస్కాకో, మయామీ నుంచి బహామాస్‌కో ఓడలో తిప్పి తీసుకురావడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలయింది. టికెట్ కొనేటప్పుడు మూడు సంగతులు ఎదురవుతాయి: గది ధర, పదే పదే వచ్చేవాళ్లకు కంపెనీ ఇచ్చే హోదా, సిబ్బందికి టిప్పు. పైకి ఇవి దేనికవే వేరు. దాదాపు నూట ఎనభై అయిదేళ్ల వెనక్కి తిరిగి చూస్తే మాత్రం మూడింటి వెనకా ఒకటే ప్రశ్న కనబడుతుంది: ఓడలో పడక సర్దేవాడికి, అన్నం వడ్డించేవాడికి జీతం ఎవరివ్వాలి?

బ్రిటానియా నడిపిన శామ్యూల్ కునార్డ్‌కు అసలు రాబడి ఉత్తరాల సంచుల మీద వచ్చేది. బ్రిటిష్ ప్రభుత్వంతో కుదిరిన టపా ఒప్పందం మీదే 1840లో ఆయన ఓడలు మొదలయ్యాయి. 207 అడుగుల చెక్క ఓడలో 115 మంది ప్రయాణికులకు చోటు, పాల కోసం ఒక ఆవు. తూర్పు దారిలో పీ అండ్ ఓ కంపెనీదీ టపా వ్యాపారమే. ఆ కంపెనీ 1844లో రచయిత థాకరేకు ఉచితంగా టికెట్ ఇచ్చి మధ్యధరా తీరాలు చూపించింది. ఆయన పుస్తకం రాశాడు, కంపెనీకి పేరొచ్చింది. ప్రయాణికుడి మెప్పును టికెట్‌తో కొనవచ్చునని ఓడల యజమానులకు అప్పుడే తెలిసింది.

కానీ ఆ శతాబ్దంలో సముద్రం దాటినవాళ్లలో గది దొరికినవాళ్లు కొద్దిమందే. మన తీరానికి ఆ సంగతి బాగా తెలుసు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం రాసుకుని అందులో వెళ్లినవారిలో తెలుగువాళ్లు ఉన్నారు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగం (రంగూన్) వెళ్లిన వేలాదిమందికి దొరికింది డెక్కు టికెట్టే. అంటే పై తట్టు మీద చాప పరుచుకునేంత జాగా. ఎండైనా వానైనా అక్కడే. పక్కనున్నవాడి మూట తలకిందికి, మన కాళ్లు ఇంకొకడి మూట మీదికి. పైరు కోతలకూ, వడ్ల మిల్లుల్లో, రేవుల్లో కూలికీ పోయి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని మళ్లీ అదే తట్టు మీద తిరిగొచ్చేవారు. ఏటేటా, పదే పదే ఎక్కిన నికరమైన ప్రయాణికులు వీళ్లు. ఏ కంపెనీ వీళ్లకు హోదా కార్డు ఇవ్వలేదు. ఓడల చరిత్ర అంటూ వచ్చే మెరుపు కాగితాల పుస్తకాల్లో వీళ్ల బొమ్మ కనిపించదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అట్లాంటిక్ మీదా లెక్క ఇదే. యూరప్ నుంచి వలస వెళ్లే పేదలే ఓడ కంపెనీలకు ఆధారం. పేరు మాత్రం మొదటి తరగతిది. 1912లో టైటానిక్‌లో సొంత వరండా ఉన్న గదుల వరసకు ఒక అమెరికన్ కుటుంబం 512 పౌండ్లు కట్టింది. మూడో తరగతి టికెట్ ఏడెనిమిది పౌండ్లు. అదే ఓడలో పడకలు సర్దే స్టీవార్డు జీతం నెలకు మూడు పౌండ్ల పదిహేను షిల్లింగులు. ఆ జీతం మీద ఇల్లు గడవదని కంపెనీకి తెలుసు, స్టీవార్డుకీ తెలుసు. లోటు మొదటి తరగతి ప్రయాణికుడి జేబులోంచి పూడాలి. ఎవరికెంత ఇవ్వాలో ఆనాటి ప్రయాణ మార్గదర్శక పుస్తకాలే చెప్పేవి. ఓడ మునిగినప్పుడు సిబ్బంది జీతం కూడా అక్కడితోనే ఆగిపోయింది. అప్పటి చట్టం అంతే. ఓడ పోయిన తరవాత కూడా రెండు నెలలదాకా జీతం ఇవ్వాలని బ్రిటన్‌లో నియమం వచ్చేసరికి 1925 అయింది.

పీ అండ్ ఓ లాంటి ఓడల్లో సంగతి ఇంకా అన్యాయం. భోజనశాలలో గోవా వాళ్లు, తట్టు మీద, బాయిలర్ల దగ్గర కొంకణం, సిల్హెట్, పంజాబు ప్రాంతాలవాళ్లు పనిచేసేవారు. లస్కర్లని పిలిచిన ఈ నావికులకు వేరే ఒప్పంద పత్రం, వేరే జీతం. అదే పనికి బ్రిటిష్ నావికుడికిచ్చే దాంట్లో మూడో వంతు దొరికితే ఎక్కువ. ఇప్పటి విహార నౌకల్లో వంటశాల, గదులు, భోజనశాల నడిపేవారిలో గోవా, ముంబయి, కేరళ కుర్రాళ్లు ఇంతమంది ఉండటానికి మూలం ఆ రోజుల్లోనే ఉంది.

విహారం కోసమే ఓడ నడపాలన్న ఆలోచన కూడా లెక్కల్లోంచే పుట్టింది. చలికాలంలో అట్లాంటిక్ మీద జనం ఉండరు, ఓడ రేవులో ఊరికే నిలిచి ఉంటుంది. హాంబర్గ్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అనే ఓడను మధ్యధరా యాత్రకు పంపాడు, తనూ వెళ్లాడు. అది గిట్టుబాటయ్యాక 1900లో విహారానికే ప్రత్యేకంగా ప్రిన్జెసిన్ విక్టోరియా లూయిజె కట్టించాడు. అందులో 120 గదులు, అన్నీ మొదటి తరగతివే. 1906 డిసెంబరులో జమైకా దగ్గర రాళ్లకు తగిలి ఆ ఓడ పోయింది.

1921, 1924లలో అమెరికా వలసలకు కోటాలు పెట్టగానే మూడో తరగతి ఖాళీ అయింది. కంపెనీలు ఆ గదులకే రంగులేసి, ‘టూరిస్టు’ తరగతి అని పేరు పెట్టి బడిపంతుళ్లకూ కాలేజీ పిల్లలకూ అమ్మాయి. ఆపై 1958 అక్టోబరులో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. అయిదారు రోజుల ప్రయాణం కొన్ని గంటలకు కుదించుకుపోయింది. పదిహేనేళ్లు తిరిగేసరికి మహా ఓడలు ఒక్కొక్కటీ తుక్కుకో, రేవులో విశ్రాంతికో చేరాయి.

ఇప్పటి విహార నౌకల వ్యాపారం ఆ శిథిలాల మీద లేచిందే. 1966 డిసెంబరులో నార్వే వాడైన క్నూట్ క్లోస్టర్, టెడ్ ఆరిసన్ కలిసి మయామీ నుంచి విహార నౌక సన్‌వార్డ్ నడిపారు. 1972లో ఆరిసన్ విడిగా కార్నివాల్ కంపెనీ పెట్టాడు. మొదటి ఓడ మార్డీ గ్రా తొలి ప్రయాణంలోనే మయామీ రేవు బయట ఇసుకలో కూరుకుపోయింది. అయినా నిలబడ్డాడు. చమురు ధర పెరిగాక ఓడను నెమ్మదిగా నడిపి, తక్కువ రేవుల్లో ఆపి, ప్రయాణికుల కాలమంతా ఓడ మీదే గడిచేలా చూశాడు. గదిని చౌకగా అమ్మి బారు, జూదశాల, దుకాణాల్లో సంపాదించడం అక్కడే స్థిరపడింది. 1977లో మొదలైన ‘ద లవ్ బోట్’ టీవీ ధారావాహిక మధ్యతరగతి అమెరికాను ఓడల వైపు తిప్పింది.

ధర చౌక కావాలంటే ఖర్చు తగ్గాలి. ఓడకు పనామా, లైబీరియా, బహామాస్ జెండా కట్టారు. ఆ జెండా కిందికి రాగానే అమెరికా కనీస వేతనం, పనిగంటల చట్టాలు చాలావరకు వర్తించవు. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, భారత్, కరీబియన్ దీవుల నుంచి మనుషులొచ్చారు. కంపెనీ ఇచ్చేది నామమాత్రం, మిగతాది టిప్పు. ప్రయాణం ఆఖరి రాత్రి గదిలో చిన్న చిన్న కవర్లు పెట్టేవారు. స్టీవార్డుకు ఒకటి, వడ్డించేవాడికి ఒకటి, అతని సహాయకుడికి ఒకటి, భోజనశాల పెద్దకు ఒకటి. 80ల్లో స్టీవార్డుకు మనిషికి రోజుకు మూడు డాలర్ల చొప్పున, వడ్డించేవాడికి అంతే, సహాయకుడికి అందులో సగం అని కంపెనీయే సలహా ఇచ్చేది. వారం రోజులు పేరుపెట్టి పిలిచి, పిల్లాడికి చేప ముళ్లు తీసి పెట్టిన మనిషి చేతికి ఆ కవరు ఇవ్వాలి. ఇవ్వడం ఇష్టం లేక ఆఖరి రాత్రి భోజనానికే రానివాళ్లూ ఉండేవారు. ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడికి ఆ వారం జీతంలో అది కోత.

2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ ఎప్పుడైనా ఎక్కడైనా కూర్చుని తినవచ్చన్న పద్ధతి తెచ్చింది. రోజూ ఒకే మనిషి వడ్డించడం పోయాక కవరు ఎవరికివ్వాలి? టిప్పు నేరుగా గది ఖాతాకు ఎక్కింది, మిగతా పెద్ద కంపెనీలు ఆ దారే పట్టాయి. రోజుకు పది డాలర్ల దగ్గర మొదలై ఇప్పుడు పెద్ద అమెరికన్ ఓడల్లో మనిషికి పదహారు నుంచి ఇరవై డాలర్లదాకా వచ్చింది. నలుగురున్న కుటుంబం వారం తిరిగితే అయిదు వందల అరవై డాలర్ల దాకా. అది చాంతాడంత వరసలో పంచుకునే సొమ్ము, బట్టలుతికేవాళ్లు, వంటశాలవాళ్లు అందరూ ఉంటారు. చాలా ఓడల్లో ఒప్పందంలో హామీ ఇచ్చిన నెల ఆదాయాన్ని నింపేది ఈ నిధే. రిసెప్షన్ బల్ల దగ్గరికెళ్లి ఆ రుసుము తీసేయమని అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంది. అలా తీయించుకునేవాళ్లు కంపెనీని శిక్షిస్తున్నామనుకుంటారు. ఆ దెబ్బ తగిలేది నీటి మట్టానికి కింద, కిటికీ లేని గదిలో ఇంకొకరితో కలిసి పడుకుని పొద్దున్నే లేచేవాడికి.

ఈలోగా గదుల తీరు మారిపోయింది. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్‌లో ప్రయాణికుల గదులన్నీ సముద్రం వైపే ఉన్నాయి, కొన్నిటికి సొంత బాల్కనీ. అంతదాకా కోటీశ్వరులకే ఉన్న వరండా పదేళ్లలో మధ్యతరగతికి ఆశ అయింది. అమ్మానాన్నలకు బాల్కనీ తీసుకుందామా, లోపలి గదితో సరిపెడదామా అన్న తర్జనభర్జన అక్కడి నుంచి వచ్చిందే. 2009 నాటి ఒయాసిస్ ఆఫ్ ద సీస్‌లో ఓడ మధ్యలోని తోట వైపూ బాల్కనీలు పెట్టారు. 2011లో డిస్నీ డ్రీమ్ లోపలి గదుల గోడకు తెర బిగించి, బయటి సముద్రాన్ని కెమెరాతో చూపించింది. అన్ని చోట్లా ధర ఇద్దరున్నారన్న లెక్కతోనే కడతారు. ఒంటరిగా వెళ్లేవారు తరచు రెండు టికెట్ల డబ్బు పెట్టాల్సిందే. 2010లో నార్వీజియన్ ఎపిక్ ఒంటరివారికి చిన్న గదులు కట్టేదాకా వాళ్ల గోడు పెద్ద కంపెనీలు అంతగా పట్టించుకోలేదు. విమానాల నుంచి నేర్చుకున్న లెక్కతో ధర ఇవాళొకటి, రేపొకటి. ఖాళీ గదితో ఓడ కదిలితే ఆ డబ్బు మళ్లీ రాదు కాబట్టి ఏదో ఒక ధరకు నింపడమే వాళ్ల పని.

హోదాల కథా ఆ విమానాలతోనే ముడిపడింది. పాత మహా ఓడల్లో పదేపదే వచ్చినవారిని పర్సరు గుర్తుపట్టేవాడు, కెప్టెను బల్లకు పిలుపు వచ్చేది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం పెట్టాక ఓడలూ మెట్లు కట్టాయి. రాయల్ కరీబియన్‌లో గోల్డ్ నుంచి పినకిల్ దాకా ఆరు మెట్లు. రాత్రికొక పాయింటు, సూట్ తీసుకుంటే రెట్టింపు. ఎనభై పాయింట్లకు డైమండ్, ఏడు వందలకు పినకిల్. ఉచిత పానీయాలు, ముందుగా దిగే వరస, ఉతికిన బట్టలు. ఇవన్నీ నిజమైన సంతోషాలే, తక్కువ చేసి చెప్పను. రిటైరైనవాళ్లు సముద్రాన్ని ఇల్లు చేసుకోవడం వెనక ఈ మెట్ల ఆకర్షణ ఉంది. డైమండ్‌లు పెరిగి వాళ్ల కోసం పెట్టిన లాంజులు కిక్కిరిశాక కంపెనీలు ఆలోచన మార్చాయి. కార్నివాల్ 2025లో తన పథకం రాత్రుల లెక్క నుంచి ఖర్చు లెక్కకు మారుతుందని ప్రకటించింది. ఎన్ని రాత్రులు గడిపారన్నది పోయి ఎంత ఖర్చుపెట్టారన్నది ముందుకొచ్చింది. ఏళ్ల తరబడి లోపలి చౌక గదుల్లో తిరిగిన నమ్మకస్తులకు అది గుండెకు తగిలింది.

రాత్రుల లెక్కే హోదాకు కొలమానమైతే పినకిల్ కార్డు ముందు సిబ్బందికి రావాలి. ఒక్కో ఒప్పందం ఆరు నుంచి తొమ్మిది నెలలు, వారానికి ఏడు రోజులూ పని. పదిహేను ఒప్పందాలు చేసిన స్టీవార్డు ఓడ మీద గడిపిన రాత్రులు చాలామంది పినకిల్ సభ్యుల రాత్రుల కంటే తక్కువ కావు. 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలంది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి డబ్బు తీసుకోకూడదని కూడా అంది. 2015లో భారత్ దాన్ని ఆమోదించింది. ఓడ ఉద్యోగం పేరుతో లక్షలు అడిగే ఏజెంటు ఎదురైతే, అది చట్టవిరుద్ధమని మన పిల్లలకు తెలియాలి.

2020 ఫిబ్రవరిలో కోవిడ్ వల్ల యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్‌ను ఆపేసినప్పుడు లోపల 3,711 మంది. వారిలో 138 మంది భారతీయులు, అందులో 132 మంది సిబ్బంది. ప్రయాణికులు గదుల్లో తలుపులేసుకుని ఉండగా, ఇద్దరేసి ఒకే గదిలో సర్దుకునే సిబ్బందే వండి గుమ్మాల దగ్గరికి మోశారు. ఏడు వందల మందికి పైగా వైరస్ సోకింది. ఆ నెలల్లో ఓడలు ఆగిపోయి కంపెనీలు ప్రయాణికుల హోదా గడువు పొడిగించాయి. ఇంటికి చేరే విమానం లేక వేలమంది సిబ్బంది సముద్రం మీదే ఉండిపోయారు.

మన తీరంలోనూ ఈ కథ కొత్తగా మొదలైంది. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ విశాఖకు వచ్చి పుదుచ్చేరి, చెన్నై వెళ్లింది. ఆ ఓడ 1990లో రాయల్ కరీబియన్ కోసం నార్డిక్ ఎంప్రెస్ పేరుతో కట్టిందే. మరుసటేడు విశాఖ రేవులో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. ఒకప్పుడు డెక్కు టికెట్లతో మనవాళ్లు రంగానికి వెళ్లిన రేవు అది.

జీతాన్ని ధరలో కలపడం అసాధ్యం కాదు. సీబోర్న్ 1988లోనే టిప్పులు లేకుండా మొదలైంది. బ్రిటన్‌లో పీ అండ్ ఓ 2019లో రోజువారీ సేవా రుసుము ఎత్తేసి ఖర్చు టికెట్‌లో చేర్చింది. 2021లో వచ్చిన వర్జిన్ వాయేజెస్‌ మొదట్లో అదే దారి పట్టింది. ఎవరూ మునిగిపోలేదు. అమెరికాలో 2024 జులై నుంచి కాలిఫోర్నియా చట్టం వల్ల పెద్ద కంపెనీలు రేవు రుసుములను ప్రకటించే ధరలోనే చూపించక తప్పలేదు. అప్పుడు చాలా కంపెనీలు దేశమంతటా ఆ పద్ధతే తీసుకున్నాయి. ప్రకటించిన ధరలో ఇప్పటికీ చేరనిది సిబ్బందికిచ్చే రోజువారీ రుసుమే. దాన్ని చేర్చమనే తదుపరి చట్టం రావాలి, వస్తే దాన్ని ముందు కోరాల్సింది డైమండ్, పినకిల్ కార్డులున్న ప్రయాణికులే. ఆ సిబ్బంది పేర్లు వాళ్లకే ఎక్కువ తెలుసు.