ఎక్రానోప్లాన్

ఎక్రానోప్లాన్ అంటే నీటికి కొద్ది మీటర్ల ఎత్తులోనే, రెక్కల కింద అదిమిపట్టిన గాలి ఊతంతో దూసుకుపోయే వాహనం. రెక్క నేలకో నీటికో బాగా దగ్గరైనప్పుడు దాని కొసల వద్ద సుడులు తిరిగే గాలికి చోటు చాలక నిరోధం తగ్గుతుంది, కింది పీడనం పెరుగుతుంది. దీనినే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. రెండు రెక్కల కొసల మధ్య దూరంలో సగాన్ని మించి పైకి పోతే ఈ లాభం చాలామటుకు కరిగిపోతుంది.

ఈ సూత్రాన్ని యుద్ధావసరాలకు మలిచినవారిలో అగ్రగణ్యుడు సోవియట్ ఇంజనీరు రోస్తిస్లావ్ అలెక్సేయెవ్ (1916–1980). వోల్గా ఒడ్డున గోర్కీ నగరంలో హైడ్రోఫాయిల్ పడవలకు రూపకల్పన చేసిన ఆయన బృందం నిర్మించిన కేఎం అనే ప్రయోగ వాహనం 92 మీటర్ల పొడవుతో, 544 టన్నుల బరువుతో 1966లో తొలిసారి ఎగిరింది. కాస్పియన్ సముద్రంపై తీసిన ఉపగ్రహ చిత్రాలలో దానిని చూసి విస్తుపోయిన అమెరికన్లు కాస్పియన్ రాక్షసి అని పేరు పెట్టారు. దాని పది జెట్ ఇంజన్లలో ముందున్న ఎనిమిది ప్రధానంగా నీటి పట్టు విడిపించుకొని పైకి లేవడానికే, తమ గాలిని రెక్కల కిందికి ఊది సాయపడేవి. లేచిన తరువాత తోకపై ఉన్న రెండే సరిపోయేవి. లేవడానికి మాత్రమే అక్కరకొచ్చే ఇంజన్ల భారాన్ని దారి పొడవునా మోయవలసి రావడం ఈ జాతి వాహనాలకు పుట్టుకతో వచ్చిన లోపమే. కేఎం 1980లో ప్రమాదానికి గురై మునిగిపోయింది.

సైనికులను, కవచ వాహనాలను ఒడ్డుకు చేర్చడానికి ఉద్దేశించిన 140 టన్నుల ఓర్ల్యోనొక్ అనే ఎక్రానోప్లాన్ 1979లో నౌకాదళంలో చేరింది. దాని తోకపై ఉన్నది ఎన్‌కే-12 టర్బోప్రాప్ ఇంజను. ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లతో ఉండే ఆ కుటుంబపు ఇంజన్లను తెలుగువారు విశాఖపట్నం ఆర్‌కే బీచ్‌లో, 2017లో మ్యూజియంగా మారిన భారత నౌకాదళ టీయూ-142 విమానానికి చూడవచ్చు.

1987లో వచ్చిన లూన్ అనే మరో ఎక్రానోప్లాన్ వీపున ఆరు మోస్కిట్ క్షిపణులు మోసేది. ఇలాంటి వాహనం నీటికి బాగా దగ్గరగా పోతుంది కనుక రాడార్‌కు ఆలస్యంగా దొరుకుతుంది. నీటిని తాకదు కనుక మందుపాతరలకు, టార్పీడోలకు అందదు. అయితే ఆ తక్కువ ఎత్తే దాని బలహీనత కూడా: పెద్ద అలలు లేస్తే ప్రయాణం ప్రమాదకరమవుతుంది, బాగా ఒరిగి మలుపు తిరిగితే రెక్క కొస నీటికి తగులుతుంది. భూపరివేష్టితమైన కాస్పియన్‌లో నెగ్గుకొచ్చిన ఈ పద్ధతికి రుతుపవనాల వేళ బంగాళాఖాతం వంటి సముద్రం అనుకూలం కాదు.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక నిధులు అడుగంటాయి. మూలనపడిన లూన్‌ను 2020లో రష్యాలోని దెర్బెంత్ తీరానికి లాక్కువచ్చారు. ఇదే సూత్రంపై పనిచేసే వాహనం అలలున్న సముద్రంలో దిగి లేవగలగాలని, అవసరమైతే ఎత్తుకూ ఎగరగలగాలని లక్ష్యం పెట్టుకొని అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2022లో ప్రారంభించిన లిబర్టీ లిఫ్టర్ పథకం, వాహనాన్ని నిర్మించకుండానే 2025లో ముగిసింది.