ఆపరేషన్‌లో రక్తం ఆపే మందులు దేంతో తయారవుతాయి? డాక్టర్‌ను ఏం అడగాలి?

కొత్తవలసలో రైలెక్కి పెద్ద ఆపరేషన్‌ కోసం విశాఖ వెళ్లే కుటుంబాలకు మొదటి కంగారు రక్తం గురించే. ఎన్ని యూనిట్లు కావాలి, ఎవరిస్తారు అని. అయితే రక్తం పోకుండా చూసే మందులూ ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రోటీన్లు.

గడ్డ ఎలా కడుతుంది?
గాయమైనప్పుడు త్రాంబిన్ అనే ప్రోటీన్, రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగులే గడ్డను పట్టి ఉంచుతాయి. తర్వాత ప్లాస్మిన్ దాన్ని కరిగిస్తుంది. ఆపరేషన్‌లో ఈ కరిగే పని ఎక్కువైతే రక్తం ఆగదు.

అప్రోటినిన్ నేర్పిన పాఠం
పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసే అప్రోటినిన్, ప్లాస్మిన్‌ను అడ్డుకుంటుంది. బేయర్ కంపెనీ దీన్ని ట్రాసిలాల్ పేరుతో అమ్మింది. గుండె ఆపరేషన్లలో బాగా వాడారు. కెనడాలో 2,331 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు తీసుకున్న వారిలో 30 రోజుల్లో 6 శాతం మంది చనిపోయారు. వేరే మందులు తీసుకున్న వారిలో అది సుమారు 4 శాతమే. 2007 నవంబరులో కంపెనీ అమ్మకం ఆపేసింది. 2012లో యూరప్ మందుల సంస్థ డేటాను మళ్లీ చూసి, కొందరు బైపాస్ రోగులకు మాత్రం వాడొచ్చంది.

పశువుల నుంచి జన్యువుల దాకా
గాయంపై వేసే పశువుల త్రాంబిన్‌తో ఇంకో చిక్కుంది. దానికి విరుద్ధంగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలు కొందరిలో సొంత రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్-5 మీద కూడా పడతాయి. అందుకే మనిషి జన్యువుతో కణాల్లో తయారుచేసిన త్రాంబిన్‌కు 2008లో అమెరికా అనుమతిచ్చింది. ఈ విద్య మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే జన్యు పద్ధతిలో, ఈస్ట్ కణాల్లో హెపటైటిస్-బి టీకా తయారుచేసింది.

ప్రోటీన్ కాని మందు
ట్రనెక్సమిక్ యాసిడ్‌ను రసాయనికంగానే తయారుచేస్తారు. జపాన్‌కు చెందిన ఒకామోటో దంపతులు కనిపెట్టారు. కాన్పు తర్వాత రక్తస్రావమైన 20 వేల మంది తల్లులపై చేసిన పరీక్ష 2017లో వెలువడింది. 3 గంటల్లోపే ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవారు తగ్గారని తేలింది.

ముందే అడగాల్సినవి
రక్తం ఆపే కొన్ని స్పాంజీల్లో పంది జెలటిన్ ఉంటుంది. పశువుల జెలటిన్‌తో చేసినవీ దొరుకుతాయి. వేరేది ఉందా అని ఆపరేషన్‌కు ముందే అడగండి. మసలా కోసం ఆలిమ్‌ను కూడా అప్పుడే కలవండి. ప్రాణం మీదికొస్తే జరూరత్ హుకుం వేరు, ఆలస్యం చేయొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా ఆగకపోయినా, గతంలో గడ్డలు కట్టినా డాక్టర్‌కు తప్పక చెప్పాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.