మాటల మైల – 7: కూడు చుట్టూ ఎర్ర సున్నా

మొన్న ఇంగ్లిష్ సార్ సెలవు పెడితే డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల దగ్గరికి నన్ను పంపారు. పరీక్షల ముందు రివిజన్. సిమిలీ, మెటఫర్, క్లాసిక్, విలన్. తెలుగు వాడిని కదా, ఉపమ, రూపకం అని మొదటి రెండూ దాటేశాను. విలన్ దగ్గర ఆగిపోయాను.

ఆ మాట పుట్టింది కథలో కాదు, పొలంలో. లాటిన్‌లో విల్లా అంటే పల్లెలో ఉన్నోళ్ళ ఇల్లూ పొలమూ. ఆ పొలంలో పనిచేసేవాడే విలన్. దొరల నోట నలిగి నలిగి ఆ మాటకు మోటువాడని, నీచుడని, చివరికి దుర్మార్గుడని అర్థాలు వచ్చాయి. క్లాసిక్ కథ ఇంకా బాగుంటుంది. రోమ్‌లో ఆస్తిని బట్టి మనుషుల్ని తరగతులుగా విడదీసేవాళ్ళు. పై తరగతివాడు క్లాసికస్. రెండో శతాబ్దంలో ఆలస్ గెలియస్ రాసిన పుస్తకంలో ఆ మాట రచయితలకూ అంటుకుంది. నమ్మదగిన రచయిత క్లాసికస్ అట, ప్రొలిటేరియస్ కాదట!

"సార్, తెలుగులో కూడా ఇట్లాంటి మాట ఉందా?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది.

ఉంది. గ్రామ్యం.

1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగును తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు కుప్పలు పోశాడు. లక్షణానికి విరుద్ధమైనది గ్రామ్యం. అలంకారశాస్త్రంలోనూ అది కావ్యదోషమే, అశ్లీలం పక్కనే కూర్చుంటుంది. (సూరి బ్రాహ్మణుడు కాదు, సాతాని ఇంట పుట్టినవాడు. ఆయన్ను తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు.) ఆయన లెక్కలో అది మాట తయారైన తీరు మీద తీర్పు, పలికిన మనిషి మీద కాదు. బడికొచ్చేసరికి మనిషి మీదే పడింది.

ఎనిమిదో తరగతిలో నేనొక వ్యాసం రాశాను. మా అమ్మ పొద్దున్నే కూడు వండి పనికి పోతుందని. తెలుగు మాస్టారు 'కూడు' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'గ్రామ్యం' అని రాసి, 'అన్నం' అని దిద్దారు. క్లాసులో చదివి వినిపించారు కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు గానీ తెలియలేదు. కూడు పాత పద్యాల్లో ఉన్న మాట. కన్నడంలో దానికి చుట్టం కూళు. సూరి కుప్పల్లో అది దేశ్యం. సంస్కృతం నుంచి వచ్చింది అన్నమే. మరి ఆ సున్నా దేని చుట్టూ చుట్టినట్టు? మాట చుట్టూనా, మా పొయ్యి చుట్టూనా?

జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పేది ఇంకొకటి ఎందుకని 1907 ప్రాంతంలో అడిగినవాడు యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, ఇంగ్లిషు దొర. ఆ ప్రశ్నను గిడుగు, గురజాడ ఉద్యమం చేశారు. సవరల భాష నేర్చుకుని వాళ్ళకు బళ్ళు పెట్టిన గిడుగంటే నాకు గౌరవం. కానీ ఆయన కోరింది శిష్ట వ్యావహారికం. శిష్టులంటే చదువుకున్నవాళ్ళు. అప్పట్లో చదువుకున్నది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. తలుపు తెరుచుకుంది, మా గూడెం మాట మాత్రం గడప అవతలే నిలబడింది.

జాషువా 1941లో గబ్బిలంతో వచ్చాడు. ఏ పండితుడి ఎర్ర సిరాకూ సందివ్వని పద్యాలు రాశాడు. మేఘాన్ని కాదు, గబ్బిలాన్ని దూతగా పంపాడు. గుడిలోకి దానికి దారుంది, మనిషికి లేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు వేముల ఎల్లయ్య 'కక్క' నవలను నల్లగొండ మాదిగల మాటలోనే రాశాడు. మధ్యలో ఎంతమంది నోళ్ళు మూసుకున్నారో!

పీరియడ్‌లో పది నిమిషాలు మిగిలాయి. ఇంట్లో మాట్లాడి, కాలేజీ గేటు దగ్గర వదిలేసి వచ్చే మాట ఒక్కటి రాసివ్వమన్నాను. పేరు వద్దన్నాను. మొదట కాగితం తెచ్చిన పిల్లవాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పడేదాకా గుప్పిట తెరవలేదు.

జై భీమ్.