స్టూవర్టుపురంలో మగపిల్లల బాల్యం

బాపట్ల, చీరాల పట్టణాల నడుమ రైలు మార్గానికి దగ్గరగా ఉన్న స్టూవర్టుపురం పేరు చెప్పగానే తెలుగువారికి దొంగల కథలు, 1990ల ఆరంభంలో ఆ పేరుతో వచ్చిన సినిమాలు గుర్తుకు వస్తాయి. అది ఊరుగా పుట్టిన ఊరు కాదనీ, 1913 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడిలో ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించిన సెటిల్‌మెంటుగా మొదలైందనీ, నాటి గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరునే దానికి పెట్టారనీ తెలిసినవారు తక్కువ. అక్కడి పెద్దల మీద పడిన నేరముద్రను గురించి చరిత్రకారులు కొంత రాశారు. అదే ముద్రతో పుట్టి, మీసం మొలవకముందే పోలీసుల దృష్టిలో పడిన మగపిల్లలను గురించి మాత్రం విడిగా ఆలోచించవలసినంత ఆలోచన జరగలేదు.

పంతొమ్మిదో శతాబ్దం మధ్య వరకు ఎరుకలవారి జీవనం చాలావరకు నడక మీదే సాగింది. తీరంలోని ఉప్పు కొటార్ల దగ్గర సరుకు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా పెరికలకెత్తి మెట్ట ఊళ్లకు చేర్చి, అక్కడ ఉప్పుకు బదులు ధాన్యం కొలిపించుకుని తిరిగి వచ్చేవారు. ఆడవారు ఎరుక చెప్పేవారు. ఈతాకు చాపలు, వెదురు బుట్టలు, తట్టలు అల్లి అమ్మేవారు. బిడారుతో పాటు నడిచే మగపిల్లవాడికి ఆ దారే బడి. ఏ చెరువు గట్టున మకాం వేయాలో, ఏ గింజకు ఎంత ఉప్పు కొలవాలో, పశువుకు దెబ్బ తగిలితే ఏ ఆకు కట్టాలో తండ్రి పక్కన నడుస్తూ నేర్చుకోవడమే అతని చదువు. 1805లో కంపెనీ ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధికారం స్థాపించడంతో మొదలైన ఇబ్బంది, 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి రైలు నడిచి, తరువాతి దశాబ్దాల్లో రైలు మార్గాలు అన్ని వైపులకూ పాకడంతో ముదిరింది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చేయడం, 1882 అటవీ చట్టం వెదురుకూ ఆకుకూ ఆంక్షలు పెట్టడం దానికి తోడయ్యాయి. పోయింది తండ్రుల వర్తకం ఒక్కటే కాదు, కొడుకులు బ్రతుకు నేర్చుకునే పద్ధతి కూడా పోయింది. స్టూవర్టుపురం చరిత్రను లోతుగా పరిశోధించిన మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో, వర్తకం కూలిపోవడానికీ నేరముద్ర పడటానికీ ఉన్న ఈ సంబంధాన్నే బయటపెట్టారు.

ఆకలికి దొంగతనం చేసినవారు లేరని చెప్పడం చరిత్రను దాచడమే అవుతుంది. అయితే ప్రభుత్వం కొందరి నేరాన్ని కొందరికే పరిమితం చేయకుండా పుట్టుకకు అంటగట్టింది. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో ప్రచురించిన పుస్తకం ఇలాంటి కులాలను ‘నేరస్థ వర్గాలు’గా వర్ణించింది, చిన్ననాటి నుంచే పిల్లలకు దొంగతనం నేర్పుతారన్న నమ్మకం నాటి అధికారుల్లో వేళ్లూనుకుంది. ఉత్తర భారతంలో 1871లో అమలుకు వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1897లో సవరించినప్పుడు, నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వయసున్న మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ శిబిరాల్లో పెట్టే అధికారం ప్రభుత్వాలకు వచ్చింది. ఆడపిల్లల ప్రస్తావన లేకుండా మగపిల్లలనే పేర్కొనడంలో చట్టం ఉద్దేశం స్పష్టమే: మగపిల్లవాడంటే రేపటి దొంగ. 1911లో చట్టాన్ని మద్రాసుతో సహా దేశమంతటికీ విస్తరించినప్పుడు, ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలెవరినైనా అలా వేరుచేయవచ్చునన్నారు.

సెటిల్‌మెంటులో రోజు హాజరుతో ముడిపడి ఉండేది. తెగ జనం పేర్లు రిజిస్టరులో ఎక్కేవి, వేలిముద్రలు పోలీసుల దగ్గర ఉండేవి, పొలిమేర దాటాలంటే పాసు కావాలి, పాసు లేకుండా బయట దొరికితే అదే నేరం. పెళ్లికో చావుకో పక్క ఊరు వెళ్లి ఆలస్యంగా వచ్చిన తండ్రి శిక్షకు లోనవుతుంటే కొడుకు చూస్తాడు. కొన్నేళ్లకు అదే రిజిస్టరులో తన పేరు కూడా చేరుతుందని అతనికి తెలుసు. సాగుకు ఇచ్చిన నేల చాలకపోవడంతో పెద్దలు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇదే సాల్వేషన్ ఆర్మీ, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఇలాంటి సెటిల్‌మెంట్లే నడిపాయి. మిషనరీలు బడులు పెట్టారు, వైద్యం అందించారు, వారిలో నిజంగా దయగలవారూ ఉన్నారు. కానీ పిల్లవాడికి అక్షరాలు నేర్పిన చెయ్యీ, అతని తండ్రిని హాజరుకు నిలబెట్టిన చెయ్యీ ఒకటే కావడం వల్ల ఆ దయ కూడా భయంతో కలిసే అతన్ని చేరింది.

ఇలాంటి అనుభవాన్ని నేటి మనోవైద్యం ఆఘాతం అంటుంది. ప్రాణానికో గౌరవానికో ముప్పు కలిగించే సంఘటన మనసు తట్టుకునే శక్తిని మించిపోయి, ఆ తరువాత చాలాకాలం నిద్రనూ, నమ్మకాన్నీ, శరీరాన్నీ బాధించే స్థితికి అది పెట్టిన పేరు. బాల్యంలోని చేదు అనుభవాలను గురించి అమెరికాలో 1998లో వెలువడిన అధ్యయనం, అలాంటి అనుభవాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక జబ్బులూ వ్యసనాలూ పెరుగుతాయని చూపింది. అది లెక్కలోకి తీసుకున్నవాటిలో ఇంట్లో ఒకరు జైలుపాలు కావడం కూడా ఉంది. అయితే ఆ అధ్యయనం వెతికింది ప్రధానంగా ఇంటి లోపలి కారణాలను. సెటిల్‌మెంటు పిల్లవాడి విషయంలో తండ్రి జైలు, తల్లి ఎడబాటు, అర్ధరాత్రి సోదా, పేదరికం, ఊరివాళ్ల చీదరింపు అన్నీ ఒకే చట్టం నుంచి వచ్చాయి. పిల్లవాణ్ణి తల్లిదండ్రుల ప్రభావం నుంచి కాపాడతామన్న చట్టమే అతనికి దెబ్బ మీద దెబ్బ తగిలే పరిస్థితులను సమకూర్చిపెట్టింది. ఈ విషయాన్ని పక్కనపెట్టి, ఆ పిల్లల్లో కొందరు ఎందుకు మొండికెత్తారనీ, ఎందుకు తప్పుదారి పట్టారనీ వారి కుటుంబాల్లోనే జవాబు వెతకడం అన్యాయం.

1920లో ఇదే మద్రాసు ప్రభుత్వం దేశంలోనే మొదటి బాలల చట్టాన్ని చేసింది. నేరం చేసిన పిల్లవాణ్ణి కూడా పెద్దల జైలుకు పంపకుండా, అతని వయసును చూసి వ్యవహరించాలన్నది దాని సారం. నాలుగేళ్లు తిరక్కుండానే 1924లో నేరస్థ తెగల చట్టం మరింత కట్టుదిట్టంగా మళ్లీ వచ్చింది. తప్పుచేసిన సాధారణ కుటుంబపు పిల్లవాడికి దక్కిన మన్నన, ఏ తప్పూ చేయని ఎరుకల పిల్లవాడికి దక్కలేదు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కేంద్రం వేసిన విచారణ సంఘం నివేదిక ఇచ్చిన తరువాత, 1952 ఆగస్టు 31 నుంచి దేశమంతటా అది రద్దయింది. అయితే అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు దాని స్థానంలోకి వచ్చాయి, స్టేషన్లలో అనుమానితుల షీట్లు కొనసాగాయి. చట్టం పోయినా, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు స్టూవర్టుపురం కుర్రవాళ్లను అనుమానించే అలవాటు పోలేదు. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, ఆయన భార్య, కవి జాషువా కుమార్తె అయిన హేమలత ఆ ఊరికి వెళ్లి సంస్కార్ సంస్థ ద్వారా పనిచేశారు. నేరం మానినవాడికి బ్రతుకుతెరువు, పిల్లవాడికి చదువు, ఇద్దరికీ సాటి మనుషుల నమ్మకం కావాలన్న అవగాహనతో సాగిన ఆ కృషిలో, సెటిల్‌మెంటు పాలనలో ఏనాడూ లేనిది ఒకటి ఉంది: అక్కడివారిని నమ్మడంతో మొదలుపెట్టడం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నేడు ఎరుకలు షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందారు, చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవారూ ఉన్నారు. అయినా చట్టం రద్దయిన 27 ఏళ్లకు, 1979లో రూపొందిన ఆంధ్రప్రదేశ్ జైలు నియమాల్లో సైతం ‘సంచార లేదా నేరస్థ తెగ’ అన్న వర్గీకరణ చోటు చేసుకుంది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలతో పాటు అలాంటి ప్రస్తావనలు కూడా రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పేదాకా అవి చెల్లుబాటులోనే ఉన్నాయి.