బ్రాడ్‌స్కీ పట్టుదల

1881 డిసెంబరు 4, ఆదివారం. వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్ హాలు. కండక్టర్ హాన్స్ రిక్టర్ పక్కన ముప్పై ఏళ్ల అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ వయొలిన్ ఎత్తాడు. వాయించబోయేది రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ వయొలిన్ కన్సర్టో. ఆర్కెస్ట్రాతో కలిసి దాన్ని వాయించే సాహసం అంతవరకూ ఎవరూ చేయలేదు.

అది పుట్టి మూడేళ్లు దాటింది. పెళ్లి వికటించి, మనసు చెదిరి, స్విట్జర్లాండ్‌లోని క్లారాన్స్ చేరిన చైకోవ్‌స్కీ 1878 వసంతంలో నెల తిరక్కుండానే దాన్ని ముగించాడు. పీటర్స్‌బర్గ్ విద్వాంసుడు లియోపోల్డ్ ఆవర్‌కు అంకితమిచ్చాడు. కొన్ని చోట్ల ఈ రాత వయొలిన్‌కు నప్పదంటూ ఆవర్ పక్కన పెట్టేశాడు. అంతటివాడే వద్దన్నాక ఇంకెవరు ముట్టుకుంటారు?

బ్రాడ్‌స్కీ ముట్టుకున్నాడు. ఏళ్ల తరబడి సాధన చేశాడు. తీరా వియన్నాలో దొరికింది ఒక్క రిహార్సల్. వాద్యకారుల స్వరపత్రాల నిండా తప్పులే. వాటిని దిద్దడంతోనే చాలా సమయం గడిచిపోయింది. ఎక్కడ పరువు పోతుందోనన్న భయంతో, మొదటి నుంచి చివరి దాకా తక్కువ శబ్దంతోనే వాయించాలని వాద్యబృందం తీర్మానించుకుంది.

అంటే బరువంతా బ్రాడ్‌స్కీదే. మొదటి భాగం మధ్యలో ఆర్కెస్ట్రా పూర్తిగా ఆగి, వయొలిన్‌ను ఒంటరిగా వదిలేసే ఘట్టం ఉంది. దాన్ని దాటాడు. గొంతు తగ్గించి పాడే రెండో భాగాన్నీ దాటాడు. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండానే రష్యన్ పల్లె చిందు లాంటి చివరి భాగం మీద పడింది. దాన్నీ గెలిచాడు.

చప్పట్లు మోగాయి. వాటితోపాటే ఛీత్కారాలు. బ్రాడ్‌స్కీని మాత్రం మళ్లీ మళ్లీ వేదిక మీదికి పిలిచారు; ఛీత్కారాలు కన్సర్టోకే. పేరుమోసిన విమర్శకుడు ఎడువర్డ్ హాన్స్‌లిక్ అయితే కలంతో చీల్చి చెండాడాడు. ఇందులో వయొలిన్‌ను వాయించరు, కమిలిపోయేలా కొడతారన్నాడు. చెవికి కంపు కొట్టే సంగీతం కూడా ఉంటుందేమో అనిపించిందన్నాడు. రోమ్‌లో ఆ సమీక్ష కంటపడిన చైకోవ్‌స్కీకి అది జీవితాంతం గుర్తుండిపోయింది.

బ్రాడ్‌స్కీ తెగువనూ ఆయన మరిచిపోలేదు. ఆవర్ పేరు తీసేసి కన్సర్టోను అతడికి అంకితమిచ్చాడు. కాలక్రమంలో ఆవర్ మనసు మారింది. తన అభిరుచి మేరకు మార్పులు చేసుకుని తానూ వాయించాడు, శిష్యులకూ నేర్పాడు. హైఫెట్జ్ లాంటి ఆ శిష్యుల కచేరీలతోనే, ఒకప్పుడు ఆయన కాదన్న కన్సర్టో ప్రపంచమంతా తిరిగింది.