గిటారు పెట్టె ముందర ఏ మైక్రోఫోను?

సంతలో కుండ కొనబోయిన గృహిణి దానిని చేతిలోనికి తీసుకొని, వ్రేలి కణుపుతో ఒక్కసారి కొట్టి చూచును. ఖంగున మ్రోగినచో అది మంచి కుండ. బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట కలదని అర్థము. ఆ ఒక్క దెబ్బకు కుండ ఇచ్చిన సమాధానములో దాని మట్టి, దాని మందము, అది ఆవములో కాలిన తీరు అన్నియు ఇమిడియున్నవి. శాస్త్రజ్ఞులు ఈ పరీక్షనే మిక్కిలి సూక్ష్మముగా తీర్చిదిద్ది, దాని ఫలితమునకు ‘ఇంపల్సు రెస్పాన్సు’ అని పేరు పెట్టినారు. తెలుగులో దానిని ‘తాడన ప్రతిస్పందన’ అనవచ్చును. ఒక వస్తువును క్షణకాలము తాకి విడిచిపెట్టిన పిమ్మట అది ఏ విధముగా మ్రోగి, ఏ విధముగా శమించునో తెలుపు లెక్క ఇది.

ఎలక్ట్రిక్‌ గిటారు వాయించువారికి నేడు ఈ లెక్కతో నిత్యము పని పడుచున్నది. గిటారు తీగెలనుండి పుట్టిన విద్యుత్తరంగము ఆంప్లిఫయరులో బలపడి, బరువైన చెక్కపెట్టెలో బిగించిన లౌడు స్పీకరు ద్వారా ధ్వనిగా వెలువడును. ఆ పెట్టెను ఊరూర మోయుటకు బదులు, దాని తాడన ప్రతిస్పందనను అంకెలుగా మార్చి ఒక చిన్న యంత్రములో దాచుకొనుచున్నారు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున తీసిన 2,048 అంకెలు, అనగా సెకనులో సుమారు 43 సహస్రాంశముల ధ్వని, సాధారణముగ ఒక పెట్టె స్వభావమును తెలుపుటకు చాలును. గిటారు స్వరమును ‘కన్వొల్యూషన్‌’ అను గణితవిధానముచే ఆ అంకెలతో కలిపినచో, స్వరము ఆ పెట్టెగుండ వచ్చినట్లే వినిపించును.

కాని కుండ సమాధానమును వినుటకు గృహిణి చెవి యున్నది. పెట్టె సమాధానమును వినునదెవరు? మైక్రోఫోను. ఏ మైక్రోఫోనును ఎన్నుకొనవలెనను ప్రశ్నకు సమాధానము సాంకేతికశాస్త్రములో కొంతయు, చరిత్రలో అంతకంటె ఎక్కువయు ఉన్నది.

ధ్వని నిలిచియుండు కాలమును శాస్త్రీయముగా కొలిచినవారిలో ఆద్యుడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్‌ క్లెమెంట్‌ సేబిన్‌. 1895లో ఆ విశ్వవిద్యాలయపు ఫాగ్‌ మ్యూజియములోని ఉపన్యాసశాలను బాగుచేయు పని ఆయనకు అప్పగింపబడినది. ఆ గదిలో పలికిన మాట అయిదున్నర సెకండ్లపాటు మారుమ్రోగుచు, వెనుక వచ్చు మాటలను మ్రింగివేయుచుండెను. సేబిన్‌ రాత్రివేళల నిశ్శబ్దములో ఒక ఆర్గను గొట్టమును మ్రోగించి, ఆపి, ధ్వని పూర్తిగా అణగిపోవువరకు కాలమును కొలిచినాడు. సమీపమందలి శాండర్స్‌ నాటకశాల ఆసనముల మెత్తలను తెప్పించి, వాటిని కొంచెము కొంచెముగా పరచుచు మార్పును గమనించినాడు. ఆయనకు మైక్రోఫోను లేదు. వినుటకు తన చెవియే సాధనము. 1900లో ప్రారంభమైన బోస్టను సింఫనీ హాలు నిర్మాణమునకు ఆయన కనుగొన్న సూత్రములే ఆధారమైనవి.

చెవికి బదులుగా నిష్పాక్షికమైన సాధనమొకటి కావలెనను కోరిక తీరుటకు ఇరువది యేండ్లు పట్టినది. వెస్టర్న్‌ ఎలక్ట్రిక్‌ సంస్థలో పనిచేయుచుండిన ఎడ్వర్డ్‌ వెంటె 1916లో కండెన్సరు మైక్రోఫోనును నిర్మించి, 1917లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించినాడు. బిగించిన పలుచని లోహపు పొర ఒకటి, దాని వెనుక స్థిరమైన పలక ఒకటి. ఈ రెంటిమధ్య విద్యుదావేశము. ధ్వని సోకి పొర కదలినపుడు ఆ కదలికకు అనుగుణముగా విద్యుత్తు మారును. ఇచట గమనింపదగినదేమనగా, వెంటె దీనిని సంగీతము కొరకు చేయలేదు. ధ్వనితీవ్రతను కొలుచుటకు, అన్ని స్థాయిలయందును సమానముగా వినగల సాధనముగా చేసినాడు. నేటి కొలత మైక్రోఫోనులన్నియు ఆ వంశమునకు చెందినవే. 1942లో డెన్మార్కులో స్థాపితమైన బ్రూయెల్‌ అండ్‌ కేర్‌ సంస్థ ఇట్టి పరికరములకు లోకప్రసిద్ధి గాంచినది.

రేడియో వ్యాప్తితో మైక్రోఫోనుకు మరియొక ధర్మము ఏర్పడినది. కొలుచుట మాత్రమే చాలదు. శ్రోతకు ఇంపుగా వినిపించవలెను. 1930ల ఆరంభమున ఆర్‌.సి.ఎ. సంస్థలో హారీ ఆల్సన్‌ రూపొందించిన రిబ్బను మైక్రోఫోనులు అమెరికా ప్రసారశాలలను అలంకరించినవి. అయస్కాంత ధ్రువములమధ్య వ్రేలాడు అతిసన్నని అల్యూమినియపు రేకే వాటి ప్రాణము. ఎదుటనుండియు, వెనుకనుండియు వచ్చు ధ్వనిని సమముగా గ్రహించి, ప్రక్కలనుండి వచ్చుదానిని విడిచిపెట్టును. తారస్థాయిలను మృదువుగా పలికించును. గట్టిగా గాలి ఊదినచో మాత్రము ఆ రేకు సాగిపోవును. 1939లో షూర్‌ సంస్థ తరఫున బెంజమిన్‌ బౌయెర్‌ ‘యూనిడైన్‌’ అను మైక్రోఫోనును తయారుచేసినాడు. ఒకే తీగచుట్ట గల సాధనము ముందువైపు ధ్వనిని మాత్రమే ప్రధానముగ వినునట్లు చేయుట అందలి విశేషము. ఆ మార్గములోనే అదే సంస్థలో ఎర్నీ సీలర్‌ చేసిన కృషి ఫలితముగా 1965లో ‘ఎస్‌.ఎం. 57’ వెలువడినది. ఆ రెండక్షరములకు అర్థము ‘స్టూడియో మైక్రోఫోను’ అని. అమెరికా అధ్యక్షుల ప్రసంగపీఠముమీద కనిపించు మైక్రోఫోను ఇదే. జర్మనీలో జెన్‌హైజర్‌ సంస్థ 1960లో విడుదల చేసిన ‘ఎం.డి. 421’ సైతము ప్రసారశాలలలో విశేషముగ వాడబడినది. వీరెవ్వరును గిటారు పెట్టెను మనసులో నుంచుకొని పనిచేసినవారు కారు.

ఇంతలో గిటారు వైపునుండి వేరొక పరిణామము జరిగినది. లండను నగరపు హాన్‌వెల్‌ ప్రాంతములో డ్రమ్ములు అమ్మెడి జిమ్‌ మార్షల్‌ 1962లో ఆంప్లిఫయరుల తయారీకి పూనుకొన్నాడు. పండ్రెండు అంగుళముల సెలెస్టియన్‌ స్పీకరులను నాలుగింటిని ఒకే పెట్టెలో బిగించిన ఆయన పద్ధతి రాక్‌ సంగీతమునకు గుర్తుగా నిలిచినది. ఇట్టి స్పీకరులోని కాగితపు శంకువు సెకనుకు సుమారు 75 కంపనములనుండి 5,000 కంపనముల వరకే బలముగ పలుకును. ఆపైన ధ్వని వేగముగా సన్నగిల్లును. ఈ పరిమితి లోపమువలె కనిపించినను, గిటారునకు అదియే వరము. ఆంప్లిఫయరు శక్తికి మించి పనిచేసినపుడు పుట్టు కర్కశధ్వనులను ఆ కాగితము వడగట్టి, వినదగిన నాదమును మాత్రము బయటికి పంపును.

అంత పెద్ద ధ్వనిని రికార్డు చేయవలసివచ్చినపుడు స్టూడియో ఇంజనీర్లు మైక్రోఫోనును పెట్టెకు మిక్కిలి దగ్గరగా, ఒకటి రెండు అంగుళముల దూరములో నిలిపినారు. దగ్గర నుంచిన మైక్రోఫోనులో ఇతర వాద్యముల ధ్వని తక్కువగా పడును. ఎస్‌.ఎం. 57 గట్టి దెబ్బలకును, పెద్ద శబ్దమునకును తట్టుకొనును, వెలయు తక్కువ. దగ్గరకు జరిపినకొలది మంద్రస్థాయిని పెంచుట దిశాభేదము గల మైక్రోఫోనులన్నిటికి సహజము. దానికి తోడు ఎస్‌.ఎం. 57 సెకనుకు 6,000 కంపనముల ప్రాంతమున ధ్వనిని కొంత ఎత్తి చూపును. ఉపన్యాసకుని మాటకు స్పష్టత కలిగించుటకు ఉపకరించు ఆ గుణమే గిటారునకు పదును తెచ్చిపెట్టినది. అందరును ఒకే మార్గమును అనుసరించలేదు. 1967లో లండనులోని ఒలింపిక్‌ స్టూడియోలో జిమీ హెండ్రిక్స్‌ గిటారును రికార్డు చేసిన ఎడ్డీ క్రేమర్‌ బేయర్‌ సంస్థవారి ‘ఎం. 160’ రిబ్బనును, నాయిమన్‌ సంస్థవారి ‘యు 67’ కండెన్సరును వాడినాడు. ఏది వాడినను ఫలితమొక్కటే. లోకము గిటారు పెట్టెను నేరుగా వినలేదు. మైక్రోఫోను విన్నదానిని విన్నది. రికార్డుల ద్వారా, రేడియో ద్వారా కోట్ల చెవులలో నాటుకొనిన గిటారు నాదములో మైక్రోఫోను స్వభావము విడదీయరాని భాగమైపోయినది.

పెట్టె ప్రతిస్పందనను గ్రహించి వాడుకొను విద్య ఆ తరువాత వచ్చినది. దెబ్బను నిజముగా కొట్టుటలో రెండు చిక్కులున్నవి: చిన్న దెబ్బ చుట్టుప్రక్కల రొదలో మునిగిపోవును, పెద్ద దెబ్బకు స్పీకరు తట్టుకొనదు. 2000 సంవత్సరములో పార్మా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆంజెలో ఫరీనా దీనికి చక్కని ఉపాయము చూపినాడు. మంద్రమునుండి తారమునకు కొన్ని సెకండ్లపాటు క్రమముగా ఎగబ్రాకు ఒక స్వరమును పెట్టెద్వారా పలికించి, దానిని రికార్డు చేసి, గణితముచే తాడన ప్రతిస్పందనను రాబట్టవచ్చును. స్పీకరు తనంతట తాను కల్పించు వికృతధ్వనులు ఈ లెక్కలో వేరుగా తేలిపోవుట ఆ పద్ధతికిగల ముఖ్యగుణము. దానికి ముందే, 1995లో విలియం గార్డ్‌నర్‌ కన్వొల్యూషను గణితమును జాప్యము లేకుండ జరుపు మార్గమును ప్రకటించినాడు. 1999లో సోనీ సంస్థ పెద్ద పెద్ద సంగీతశాలల ప్రతిధ్వనులను ఈ గణితముతో అనుకరించు యంత్రమును విడుదల చేసినది. సంగీతశాలలకు పనికివచ్చినది పిమ్మట గిటారు పెట్టెలకును పనికివచ్చినది.

ఇపుడు అసలు చిక్కు ఎదురగును. మైక్రోఫోనుద్వారా రాబట్టిన ప్రతిస్పందనలో పెట్టె ఒక్కటే లేదు. పెట్టె, దానిముందరి గాలి, గది గోడలు, మైక్రోఫోను స్వభావము, అది నిలిచిన చోటు — ఇవన్నియు కలిసి ఒకే అంకెలవరుసయై వచ్చును. పాలలో కలిసిన నీటివలె వాటిని తరువాత విడదీయుట సులభము కాదు. మైక్రోఫోను ఒక స్థాయిని కొంచెము తగ్గించి విన్నచో లెక్కచేత కొంత సరిదిద్దవచ్చును. అసలు విననిదానిని మాత్రము ఏ లెక్కయు తిరిగి తేజాలదు. కనుక మైక్రోఫోనును ఎన్నుకొనుట పనికి ముందు జరుగు చిన్న ఏర్పాటు కాదు. ఏది నిలువవలెను, ఏది పోవలెను అను తీర్పు.

అట్లయిన, ఏ రంగును పూయని కొలత మైక్రోఫోనే ఉత్తమము కదా అని తోచును. ప్రయోగించినవారికి ఎదురగు అనుభవము వేరు. ఆ ప్రతిస్పందన సత్యమే. కాని గిటారు వాయించువానికి అది పరాయిగా వినిపించును. దానికి కారణములు రెండు. ఒకటి, శంకువుకు అంగుళము దూరములో చెవి ఆనించి ఎవడును గిటారు వినడు. ఆరేడు అడుగుల దూరమున నిలిచి గదితోపాటు వినును. రెండు, పైన చెప్పిన చరిత్ర. మన చెవి కోరునది రికార్డులలో పరిచయమైన నాదమును. రేడియోలో ఏండ్లతరబడి విన్న కంఠమును ఎదుట నిలిచి వినినపుడు ‘ఆ మనిషేనా!’ అని శ్రోతకు కలుగు ఆశ్చర్యము ఇట్టిదే.

అందుచేతనే 2017లో సెలెస్టియన్‌ సంస్థ తన స్పీకరుల ప్రతిస్పందనలను స్వయముగా విడుదల చేసినపుడు, దగ్గర నుంచు మైక్రోఫోనులుగా ఎస్‌.ఎం. 57ను, ఎం.డి. 421ను, 1998లో వెలువడిన రాయర్‌ ‘ఆర్‌-121’ రిబ్బనును ఎన్నుకొన్నది. పాత రిబ్బనులు ఓర్వలేని పెద్ద ధ్వనిని ఆర్‌-121 ఓర్చుకొనును. ఈ మూడింటి గుణములు ఒకదానికొకటి పూరకములు. మొదటిది పదునైనది, రెండవది మంద్రమందు నిండైనది, మూడవది తారస్థాయిలో మెత్తనిది.

మైక్రోఫోను పేరొక్కటియే చాలదు. చోటు కూడ ముఖ్యము. శంకువు నడిబొడ్డున నుంచిన మైక్రోఫోనులో కాంతివంతమైన ధ్వనియు, అంచువైపు జరిపినకొలది మందమైన ధ్వనియు లభించును. ఒక అంగుళపు కదలికతో రెండు వేర్వేరు పెట్టెలా అనిపించును. రెండు మైక్రోఫోనులను కలుపునపుడు ఇంకను జాగ్రత్త కావలెను. వాటి దూరములలో మూడున్నర సెంటీమీటర్ల తేడా ఉన్నచో ధ్వని రెండవదానికి సెకనులో పదివేలవవంతు ఆలస్యముగా చేరును. అంతమాత్రముననే 5,000 కంపనముల ప్రాంతమున ఒకదాని తరంగమును మరియొకదాని తరంగము రద్దుచేసి, గిటారు పదును హరించిపోవును.

ఇంత శ్రమ ఎందులకు? 1960లలో తయారైన ఆ స్పీకరుల శంకువులు కాగితపువి. అవి చినుగును, తేమకు మెత్తబడును. చిరిగినదానికి క్రొత్త శంకువు అతికించినచో పాత నాదము రాదు. ఒకనాటికి ఆ పెట్టెలు మూగబోయినపుడు, వాటినుండి తీసియుంచిన అంకెలే సాక్ష్యము. ఆ సాక్ష్యము ఒక్క మైక్రోఫోను చెవితో, ఒక్క చోటునుండి, వివరములేవియు వ్రాయకుండ తీసినదైనచో, రాబోవు తరము దేనిని పెట్టె గుణమనుకొనును? దేనిని మైక్రోఫోను గుణమనుకొనును?

కావున ఈ పనికి పూనుకొనువారు రెండు విధముల ప్రతిస్పందనలను తీసియుంచుట మేలు. సంగీతము కొరకు తమ చెవి మెచ్చిన మైక్రోఫోనుతో ఒకటి; పెట్టె స్వరూపమును నిలుపుటకు కొలత మైక్రోఫోనుతో మరియొకటి. రెంటికిని మైక్రోఫోను పేరు, దూరము, కోణము, శంకువుపై నిలిపిన చోటు, గది కొలతలు వ్రాసి జతపరచవలెను. మొదటిది మనము గిటారును ఎట్లు వింటిమో తెలుపును. రెండవది పెట్టె ఏమి పలికెనో తెలుపును. ఈ రెండును ఒకటి కావని గ్రహించినవారికి, ఏ మైక్రోఫోను మంచిదను వాదము తగ్గి, ఏ పనికి ఏది తగునను వివేకము కలుగును.